పెరట్లో నీళ్ళ కుంట: దోమలు, పాములు చేరకుండా కట్టుకోవడం ఎలా?

మా ఇంటికి వచ్చినవాళ్ళు పెరట్లో కుంట చూడగానే ముందు కలువపువ్వు దగ్గర ఫోటో దిగుతారు. తర్వాత "దోమలు రావా?" అని అడుగుతారు. ఇంకాసేపటికి గొంతు తగ్గించి "మరి పాములు?" అంటారు. తిరుపతిలో కొండ వైపు ఉండేవాళ్ళకైతే మూడో ప్రశ్న కూడా ఉంటుంది, "చిరుత వస్తే?" అని. ఇవే ప్రశ్నలకు నోటితో చెప్పీ చెప్పీ అలసిపోయి ఇది రాస్తున్నాను.

సూటిగా చెప్పేస్తాను. నిలవ నీళ్ళలో దోమ పిల్లల్ని తినే ప్రాణి లేకపోతే దోమలు వస్తాయి, ఉంటే రావు. పాము మాత్రం మీ నీళ్ళ కోసం రాదు, కప్పల కోసం, ఎలుకల కోసం వస్తుంది. దోమల్ని దాదాపు పూర్తిగా ఆపొచ్చు. పాముల్ని తగ్గించగలమే తప్ప, శేషాచలం కొండ పక్కన ఇల్లు పెట్టుకుని ఒక్కటీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. కప్ప కనపడితేనే కేకలు పెట్టే ఇల్లయితే కుంట తవ్వకండి. అలాంటివాళ్ళ కోసం చివర్లో మిద్దె మీద తొట్టి గురించి రాశాను.

కావలసినవి

ఇది 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు ఉండే కుంటకి లెక్క. ఇందులో సుమారు 1,350 లీటర్ల నీళ్ళు పడతాయి.

- చేపల చెరువుల్లో పరిచే మందపాటి నల్ల షీటు, 12 అడుగులు × 10 అడుగులు. (పొడవుకి రెండు లోతులు, ఇంకో రెండు అడుగులు కలిపితే షీటు పొడవు. వెడల్పుకీ అదే లెక్క.)
- పాత గోనెసంచులు, రెండు మూడు గంపల ఇసుక
- అంచుకి కడప బండలు, కొంచెం సిమెంటు
- గప్పీ చేపలు 20 నుంచి 30
- కుండీలో నాటిన కలువ ఒకటి లేదా రెండు
- గంటకి వెయ్యి లీటర్లు తిప్పే చిన్న పంపు. దాని లైనుకి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) తప్పనిసరి, నీళ్ళు, కరెంటు ఒకచోట ఉంటున్నాయి కాబట్టి
- దోమల జాలీ ముక్క
- తెల్ల మగ్గు, మంచి టార్చిలైటు. ఈ రెండూ ఎందుకో తర్వాత చెప్తాను

ఎలా చేయాలి

1. చోటు చూసుకోండి.

రోజుకి నాలుగైదు గంటల ఎండ తగలాలి. వంటింటి కిటికీలోంచి కనపడే చోటైతే ఇంకా మంచిది, కంటికి కనపడని కుంటని మనం నెలలో మర్చిపోతాం. కట్టెల మోపు, ఇటుకల కుప్ప, ఎరువుగుంట, కోళ్ళ గూడు ఉన్న వైపు వద్దు. అవి ఎలుకల ఇళ్ళు. పక్కనే కప్పల కుంట పెడితే పాముకి భోజనం, టిఫిను రెండూ ఒకేచోట పెట్టినట్టు.

చెట్టు కింద కూడా వద్దు. నా మొదటి కుంటని నీడ ఉంటుందని వేపచెట్టు కింద తవ్వాను. మాఘమాసం దాటి ఆకు రాలడం మొదలయ్యాక రోజూ వల పట్టుకుని తీసినా అడుగున నల్లటి బురద పేరుకుపోయింది. ఒక పొద్దున చూస్తే చేపలన్నీ నోళ్ళు పైకి పెట్టి గాలి కోసం కొట్టుకుంటున్నాయి. ఆకు కుళ్ళితే నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతుంది, తెల్లవారుజామున అది మరీ తక్కువ. చేపలు పోయాక వారానికే దోమలు దిగాయి.

2. గుంత తవ్వండి, గోడలు నిటారుగా ఉంచండి.

పుస్తకాల్లో మెట్లు మెట్లుగా తవ్వమంటారు. ఆ లోతు తక్కువ మెట్టు మీద గుడ్డికొంగ హాయిగా నిలబడి చేపలు ఏరుకుంటుంది. గోడ నిటారుగా, లోతు రెండడుగులు ఉంటే దానికి నిలబడే చోటు దొరకదు. ఒక్క మూల మాత్రం గరుకు రాయి ఒకటి ఏటవాలుగా దించండి. ఉడుతో తొండో పడితే ఎక్కి రావడానికి.

హెచ్చరిక: ఇంట్లో ఐదేళ్ళలోపు పిల్లలుంటే నీళ్ళ మీద గట్టి ఇనుప జల్లెడ బిగించాలి, లేదా పిల్లలు పెద్దయ్యేదాకా ఆగాలి. రెండడుగుల నీళ్ళు పసిబిడ్డకి ప్రాణాంతకం.

3. షీటు పరచండి.

గుంతలో రాళ్ళు, వేర్లు ఏరేసి రెండంగుళాల ఇసుక, దానిమీద గోనెసంచులు, ఆపైన షీటు. నీళ్ళు నింపుతూ మడతలు సర్దండి. నీటి మట్టానికి పైనున్న అంచు మడతల్ని బాగా చూడండి. వాటిలో వాననీళ్ళు గ్లాసుడు నిలిచినా చాలు, చేప అక్కడికి చేరలేదు, దోమ చేరుతుంది.

షీటు బదులు సిమెంటుతో కట్టించుకుంటే తొందరపడొద్దు. కొత్త సిమెంటులోని సున్నం చేపల్ని చంపుతుంది. నీళ్ళు నింపి, నాలుగైదు రోజులుంచి పారబోయడం మూడు నాలుగు సార్లు చేయండి. ఈ మధ్యలో వారం దాటి నీళ్ళు నిలవ ఉంచకండి. మన ఎండలకి గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి ఏడు నుంచి పది రోజులు చాలు.

4. అంచు కట్టండి.

పాముల సంగతి సగం ఇక్కడే తేలిపోతుంది. అందంగా ఉంటుందని కుంట చుట్టూ గుండ్రాళ్ళు పేర్చకండి. రాయికీ రాయికీ మధ్య సందులో మొదట కప్ప, తేలు, జెర్రి చేరతాయి, తర్వాత వాటిని వెతుక్కుంటూ వచ్చేది చేరుతుంది. కడప బండలు సిమెంటులో కూర్చోబెట్టి, అడుగున కూడా ఖాళీ లేకుండా పూడ్చండి. బండ మీద కాలు పెడితే డొల్ల శబ్దం వచ్చిందంటే కింద ఖాళీ ఉందని, లేపి మళ్ళీ వేయించండి. మేస్త్రీ "ఏం కాదు సార్" అంటాడు. అవుతుంది.

బండల తర్వాత ఇంకో రెండడుగులు నేల బోడిగా ఉండాలి. గడ్డి, పొద, తీగ ఏవీ వద్దు. దాక్కోను చోటు లేని బయలు దాటడం పాముకీ ఎలుకకీ ఇష్టం ఉండదు, దాటినా మీకు కనిపిస్తుంది.

5. మొక్కలు పెట్టండి, సగం మించకుండా.

నీటి మీద సగం వరకే ఆకు కప్పాలి. కలువ మంచిది, తామర ఇంత చిన్న కుంటకి పెద్దదైపోతుంది. అంతరతామర, గుర్రపుడెక్క మాత్రం నర్సరీవాళ్ళు ఊరికే ఇచ్చినా తెచ్చుకోకండి. కొద్దివారాల్లో నీళ్ళంతా కప్పేస్తాయనేది ఒక కారణం. రెండోది చాలామందికి తెలియదు. మాన్సోనియా అనే జాతి దోమ పిల్లలు గాలి కోసం పైకి రావు, ఈ మొక్కల వేర్లకే గొట్టం గుచ్చి గాలి పీల్చుకుంటాయి. వేర్ల గుబురులో ఉంటే చేపకీ చిక్కవు, మీ మగ్గుకీ చిక్కవు. కొన్నిచోట్ల బోదకాలు మోసేది కూడా ఈ దోమే.

నర్సరీ మొక్కల ఆకుల వెనక జిగురు ముద్దలు కనపడితే అవి నత్త గుడ్లు, గోటితో గీకేసి నాటండి.

6. చేపలు వదలండి.

కుళాయి నీళ్ళైతే రెండు రోజులు అలా ఉంచి, క్లోరిన్ పోయాక వదలాలి. చేపలున్న కవరుని ముడి విప్పకుండా ఇరవై నిమిషాలు కుంటలో తేలనిచ్చి, తర్వాత కొంచెం కొంచెం కుంట నీళ్ళు కలిపి వదిలేయండి. సాయంత్రం పూట వదిలితే మేలు.

గప్పీలే ఎందుకంటే చిన్నవి, మన వేసవిని తట్టుకుంటాయి, గుడ్లు కాకుండా పిల్లల్ని పెట్టి తొందరగా పెరుగుతాయి. దోమల కోసమే ప్రభుత్వం చెరువుల్లో, బావుల్లో వదిలే గంబూసియా చేపలు ఇంకా గట్టి పిండాలు. మున్సిపల్ ఆరోగ్య సిబ్బందిని అడిగి చూడొచ్చు. కానీ అవి పక్క చేపల తోకలు కొరుకుతాయి, తోకకప్పల్ని కూడా తినేస్తాయి. ఏ జాతైనా ఒకటే పెట్టుకోండి, రెండూ కలపొద్దు.

మేత విషయంలో మనసు గట్టి చేసుకోవాలి. రెండు నిమిషాల్లో తినేసేంతే వేయండి, వారంలో రెండు రోజులు అసలు వేయకండి. కడుపు నిండిన చేప దోమ పిల్ల వైపు చూడదు. మిగిలిన మేతకి రాత్రి ఎలుకలొస్తాయి. మా ఇంట్లో పిల్లలు మరమరాలు వేసేవాళ్ళు, పది రోజుల్లో పందికొక్కు బొరియ తేలింది.

7. పంపు బిగించండి.

కదిలే నీళ్ళలో గుడ్లు పెట్టడం దోమకి కష్టం. అయినా పంపుని నమ్ముకుని చేపల్ని మానేయకండి. కరెంటు పోతుంది, మూలల్లో నీళ్ళు కదలవు. తెల్లవారుజామున ఆన్‌లో ఉండేలా చూడండి, చేపలకి గాలి అందేది అప్పుడే తక్కువ.

8. వానలకి ముందే దారి పెట్టండి.

మనకి గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో తిరుపతి వీధులు వాగులైన సంగతి ఇక్కడివాళ్ళెవరూ మర్చిపోరు. అంచుకి రెండంగుళాల కింద ఒక పైపు పెట్టి, నోటికి జాలీ కట్టి, ఎక్కువైన నీళ్ళు అరటిపాదుకో కొబ్బరిపాదుకో పోయేలా చేయండి. జాలీ లేకపోతే చేపలు నీళ్ళతో పాటే పోతాయి, పాదులో నీళ్ళు ఇంకకపోతే అక్కడ ఇంకో దోమల గుంట తయారవుతుంది.

దోమలు పుడుతున్నాయో లేదో ఇలా చూడండి

వారానికోసారి, పొద్దున ఎండ పడ్డాక, తెల్ల మగ్గు తీసుకోండి. మీ నీడ నీళ్ళ మీద పడకుండా నిలబడాలి. నీడ పడితే దోమ పిల్లలు తటాలున అడుక్కి పోతాయి, మీకు ఖాళీ మగ్గే వస్తుంది. మగ్గుని ఏటవాలుగా పట్టుకుని అంచు దగ్గర, ఆకుల పక్కన, మూలల్లో పదిచోట్ల ముంచి తీయండి. ప్రతిసారీ కాసేపు ఆగి చూడండి.

సన్నగా, పావు అంగుళం ఉండి, ఒళ్ళు మెలికలు తిప్పుతూ పైకీ కిందకీ కొట్టుకునేవి దోమ పిల్లలు. కామా గుర్తులాగా వంకరగా ఉండేవి ప్యూపాలు, ఒకటి రెండు రోజుల్లో ఎగిరిపోయేవి. గుండ్రటి తల, తోకతో నెమ్మదిగా ఈదే నల్లటివి తోకకప్పలు, వాటి జోలికి పోవద్దు. ముదురు రంగులో ఆరు కాళ్ళతో పాకే వికారమైన పురుగు కనపడితే అది తూనీగ పిల్ల, అది కూడా దోమ పిల్లల్నే తింటుంది. సంతోషించి నీళ్ళలోనే వదిలేయండి.

పది ముంపుల్లో ఒక్కటీ రాకపోతే మీ కుంట బాగుంది. ఒకటి రెండు వస్తే ఆకులు పలచన చేసి, మేత ఆపి, నాలుగు రోజులకి మళ్ళీ చూడండి. ఎక్కువ వస్తే చేపలు పోయాయేమో లెక్క చూసుకోండి. అప్పటికప్పుడు ఆపాలంటే బీటీఐ అనే బ్యాక్టీరియా మందు దొరుకుతుంది, డబ్బా మీద రాసిన మోతాదులో వేస్తే చేపకీ కప్పకీ ఏమీ కాదు. ఆ మందు తిన్న దోమ పిల్లలే చస్తాయి. ప్యూపాలు ఏమీ తినవు కాబట్టి వాటి మీద పనిచేయదు, అందుకే ముందే వేయాలి. కిరోసిను, బండి ఆయిలు పోయడం మాత్రం వద్దు, చేపలు చచ్చి వచ్చే నెల దోమలు రెట్టింపవుతాయి.

మగ్గులో ఏమీ లేదు, ఇంట్లో మాత్రం కుడుతున్నాయి అంటారా? పగటిపూట కుట్టేవి, కాళ్ళ మీద తెల్ల చారలున్నవి డెంగీ మోసే ఈడిస్ దోమలు. అవి పెద్ద కుంట కంటే చిన్న పాత్రల్నే ఇష్టపడతాయి. ఫ్రిజ్ వెనక ట్రే, పూలకుండీ కింది పళ్ళెం, చీమలెక్కకుండా అలమర కాళ్ళ కింద పెట్టిన నీళ్ళ గిన్నెలు, మూత సరిగ్గా పడని సంపు, మిద్దె మీద టైరు, పిట్టలకి పెట్టిన మట్టిమూకుడు. మా పక్కింటి అక్క నెలరోజులు మా కుంటనే తిట్టింది. చివరికి ఆమె తులసికోట వెనక బోర్లించని కొబ్బరి చిప్పల్లో దొరికాయి. శుక్రవారం డ్రై డే అని ఆరోగ్య సిబ్బంది చెప్పేది ఇందుకే, వారానికోసారి ఇవన్నీ వంచి, తోమి, ఆరబెట్టాలి. ఊరికే వంచేస్తే చాలదు, ఈడిస్ గుడ్లు పాత్ర గోడకి అంటుకుని ఎండలో కూడా నెలల తరబడి బతుకుతాయి.

ఇక పాముల సంగతి

కుంట దగ్గర ఎక్కువగా కనిపించేది నీళ్ళ పాము, నీరుకట్టె అని కూడా అంటారు. పసుపుపచ్చ ఒంటి మీద నల్లటి గళ్ళు, కంటి కింద రెండు నల్ల గీతలు. దానికి విషం లేదు. కానీ బెదిరితే మెడ వెడల్పు చేసి లేస్తుంది, చూసినవాళ్ళు నాగుపాము అనుకుని కర్ర తీస్తారు. జెర్రిపోతుకి కూడా విషం లేదు, అది ఎలుకల కోసం వస్తుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర మాత్రం ప్రమాదకరం, ఇవి కూడా మన దగ్గర ఉన్నవే. ఏది ఏదో దూరం నుంచి తేల్చే పని మీరు పెట్టుకోకండి. రెండు గజాలు వెనక్కి జరిగి, పిల్లల్ని, కుక్కని లోపలికి పంపి, అది ఎటు పోతోందో చూస్తూ పాములు పట్టేవాళ్ళకో అటవీ శాఖకో ఫోన్ చేయండి. చంపడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

రాత్రి కుంట వైపు పోతే టార్చి, చెప్పులు లేకుండా పోవద్దు. ముందు అంచు బండల చుట్టూ వెలుగు వేసి, అప్పుడు అడుగు వేయండి. నీళ్ళలో చెయ్యి పెట్టే పని ఏదున్నా పగలే.

గంధకం, వెల్లుల్లి రసం, ఫినాయిల్ చల్లితే పాము రాదని చెప్తారు. నేనూ ఒక వర్షాకాలం ఫినాయిల్ చల్లాను. పాము మామూలుగా వచ్చింది, గప్పీలు మాత్రం పోయాయి. ఆ డబ్బుతో కాంపౌండు గోడ కింది కన్నాలు పూడ్పించి, గేటు కింద సందుకి రబ్బరు పట్టీ వేయించుకోండి.

ఒకవేళ కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం ఏవీ చేయకండి. ఉంగరాలు, గాజులు తీసి, ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. తిరుపతిలో రుయా ఆసుపత్రికి, చిత్తూరులో ప్రభుత్వాసుపత్రికి పోవాలి. కట్లపాము కాటుకి నొప్పి, వాపు పెద్దగా ఉండవు, "ఏమీ కాలేదులే" అని ఇంట్లో కూర్చోకండి.

మిగతా అతిథులు

కప్పలు ఎలాగూ వస్తాయి. తొలి వానకి పసుపు రంగు తిరిగిన బోదురు కప్పలు రాత్రంతా అరుస్తాయి, మూడు నాలుగు రాత్రులు నిద్ర ఉండదు. అది భరించండి, కానీ పెద్ద బోదురు కప్ప గప్పీల్ని తినేస్తుంటే వలతో పట్టి ఊరి బయట నీళ్ళల్లో వదలండి.

లకుముకి పిట్టకీ కొంగకీ చేపలు దక్కకుండా అడుగున నాలుగంగుళాల పైపు ముక్కలు రెండు వేయండి, చేపలు దూరి దాక్కుంటాయి. నైలాను వల కప్పాలనుకుంటే కుంట మీద బిగుతుగా, నేలకి అడుగు ఎత్తులో కట్టండి. వదులుగా నేల మీద పడేస్తే పాములు చిక్కుకుని చస్తాయి, బతికున్నదాన్ని విడిపించడం మీ మెడకి చుట్టుకుంటుంది.

కోతులు నీళ్ళ కంటే కలువ మొగ్గల కోసం, పంపు వైరు పీకడం కోసం వస్తాయి. వైరుని పీవీసీ పైపులో పోనివ్వండి. కోతులకి ఒక్కసారి కూడా అరటిపండు పెట్టకండి.

చిరుత విషయానికొస్తే, అది కుక్కల కోసం వస్తుంది. అలిపిరి వైపు, కొండ అంచున ఉండేవాళ్ళు కుక్కని రాత్రి లోపల పడుకోబెట్టి, గోడ చుట్టూ పొదలు కొట్టేస్తే బెడద తగ్గుతుంది. పలమనేరు, కుప్పం వైపు తోటల్లో ఏనుగుల బెడద ఉన్నచోట మాత్రం పొలంలో కుంట తవ్వేముందు అటవీ సిబ్బందితో మాట్లాడండి, అక్కడ నా లెక్కలు పనికిరావు.

తాబేలుని తెచ్చి కుంటలో వేద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. మన చెరువుల తాబేళ్ళని పట్టి ఇంట్లో పెట్టుకోవడం చట్టవిరుద్ధం.

మిద్దె మీద తొట్టి చాలనుకునేవాళ్ళకి

వంద లీటర్ల నల్ల టబ్బు, అందులో ఒక చిన్న కలువ, ఎనిమిది గప్పీలు. పాము, కొంగ బెడద చాలా తక్కువ, కోతులు తప్పవు. వేసవిలో మిద్దె మీద నీళ్ళు కాగిపోతాయి, మధ్యాహ్నం నీడ పడేలా పచ్చ వల కట్టి, రోజూ తగ్గినంత నీళ్ళు పోయండి. మగ్గు పరీక్ష దీనికీ వారానికోసారి చేయాలి, మూడు ముంపులు చాలు.

కుంటైనా తొట్టైనా వద్దనుకుని తీసేసే రోజు వస్తే, మిగిలిన చేపల్ని ఎవరికైనా ఇచ్చేయండి. చెరువులోనో కాలువలోనో వదలకండి, గప్పీలూ గంబూసియాలూ అక్కడి చేపపిల్లల్ని తింటాయి. మొక్కల్ని బండ మీద ఎండలో పడేసి, పూర్తిగా ఎండాకే ఎరువుగుంటలో వేయండి. షీటుని మడిచి షెడ్డు వెనక పెట్టేముందు తుడిచి ఆరబెట్టండి, ఆ మడతల్లో కూడా వాన నిలుస్తుంది.